నిప్పు లేకుండా అన్నం వుడికే వూరు

ఒక చిన్న గుడ్డ మూటలో గుప్పెడు బియ్యం కట్టండి. మూటకు పొడవాటి తాడు కట్టి నీళ్ళలోకి వదలండి. పొయ్యి లేదు, కట్టెలు లేవు, గ్యాసు లేదు. కొంతసేపయ్యాక తాడు పైకి లాగితే మూటలో అన్నం! మన వూరి చెరువులో ఈ పని చేస్తే నానిన బియ్యం మాత్రమే వస్తాయి. కాని హిమాచల్ ప్రదేశ్‌లోని మణికరణ్‌లో యాత్రికులు రోజూ చేసే పని ఇదే. అక్కడి గురుద్వారాలో వచ్చిన వాళ్ళందరికీ పెట్టే భోజనం కోసం బియ్యం, పప్పు పెద్ద పెద్ద గిన్నెల్లో పోసి, మూతలు బిగించి, ఆ వేడినీటి మడుగుల్లోనే దింపుతారు.

మణికరణ్ కులూ జిల్లాలో, పార్వతీ నది ఒడ్డున వున్న చిన్న వూరు. భుంతర్ అనే చోట పార్వతీ నది బియాస్ నదిలో కలుస్తుంది. అక్కణ్ణించి పార్వతి వెంట సుమారు 35 కిలోమీటర్లు లోయలోకి పోతే మణికరణ్ వస్తుంది. బస్సు దిగి వంతెన దాటుతుంటేనే ఎదుటి ఒడ్డు నుంచి తెల్లటి ఆవిరి లేస్తూ కనిపిస్తుంది. వంతెన కింద పరుగెత్తే నది మంచు కరిగిన నీరు. చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. దానికి నాలుగు బారల దూరంలో రాళ్ళ మధ్యనుంచి నీళ్ళు సలసల కాగుతూ బయటికి వస్తుంటాయి. ఇంత చలీ ఇంత వేడీ పక్కపక్కన ఎలా కాపురం చేస్తున్నాయి?

ఆ వూరివాళ్ళు చెప్పే కథ ఒకటి వుంది. పార్వతీదేవి చెవి పోగులోని మణి నీటిలో పడి పాతాళానికి పోయిందట. దాన్ని శేషుడు దాచుకున్నాడట. శివుడు కోపిస్తే శేషుడు బుస కొట్టాడట. ఆ బుసతో వేడినీళ్ళూ మణులూ పైకి చిమ్మాయట. మణి, కర్ణం కలిసి మణికరణ్ అయింది. సిక్కులు గురునానక్ ఇక్కడికి వచ్చినప్పటి కథ చెబుతారు: ఆయన శిష్యుడు మర్దానా వేడినీటిలో వేసిన రొట్టెలు మునిగిపోయాయట, ఆయన ప్రార్థించాక వుడికి పైకి తేలాయట. కథలు కథలుగా బాగున్నాయి. కాని రొట్టె సంగతి దగ్గర ఒక్క క్షణం ఆగండి. పచ్చి పిండి నీటికంటే సాంద్రత ఎక్కువైనది కనుక మునుగుతుంది. వేడికి లోపలి గాలీ ఆవిరీ వ్యాకోచించి పిండి వుబ్బితే ఘనపరిమాణం పెరిగి సాంద్రత తగ్గుతుంది. నూనెలో వేసిన పూరీ అడుగుకు పోయి పైకి తేలడం మీరు ఇంట్లో చూసేదే. ఆర్కిమిడీస్ సూత్రం వంటింట్లో కూడా చెల్లుతుంది.

మరుగుతున్నాయా, మరిగినట్టు కనిపిస్తున్నాయా?

మణికరణ్ బుగ్గల్లో అన్నిటికంటే వేడిగా వున్న చోట ఉష్ణమాపకం ముంచితే పాదరసం 94 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర నిలుస్తుంది. "నీరు 100 డిగ్రీల దగ్గర కదా మరిగేది, ఇంకా ఆరు డిగ్రీలు తక్కువే" అంటారు మీరు. ఆ మాట సముద్రమట్టం దగ్గర నిజం. మణికరణ్ సముద్రమట్టానికి సుమారు 1,750 మీటర్ల ఎత్తున వుంది. పైకి పోయేకొద్దీ మన నెత్తిమీద గాలి బరువు తగ్గుతుంది. గాలి పీడనం తగ్గితే నీటి అణువులు తేలిగ్గా ఆవిరై తప్పించుకుంటాయి, అంటే తక్కువ వేడికే నీరు మరుగుతుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు మరుగు స్థానం దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తు పెట్టుకోండి. 1,750ని 300తో భాగించండి. 5.8 వస్తుంది. 100 నుంచి తీసివేస్తే 94.2. కాబట్టి మణికరణ్ నీళ్ళు మరిగినట్టు నటించడం లేదు, నిజంగానే మరుగుతున్నాయి.

ఇదే లెక్క మీ ఇష్టమైన చోటికి వేసుకోవచ్చు. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ ఎసరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. లడఖ్‌లో పూగా అనే లోయ వుంది. ఎత్తు దాదాపు 4,400 మీటర్లు. అక్కడి వేడినీటి బుగ్గలు 84 డిగ్రీల వరకు వుంటాయని కొలిచారు. మీరు లెక్క వేసి చూడండి, ఆ నీళ్ళు మరిగే స్థితికి ఎంత దగ్గరలో వున్నాయో తెలుస్తుంది.

అయితే 94 డిగ్రీలకు అన్నం వుడుకుతుందా? వుడుకుతుంది. బియ్యంలోని పిండిపదార్థం 70 డిగ్రీల ప్రాంతంలోనే నీరు పీల్చి మెత్తబడడం మొదలుపెడుతుంది. పప్పు సంగతి వేరు. దాని కణాలను ఒకదానికొకటి అతికించి వుంచే పదార్థం కరగడానికి చాలా సేపు పడుతుంది, ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు తగ్గినా ఆ సమయం బాగా పెరుగుతుంది. అందుకే కొండ వూళ్ళలో పప్పు వుడకదని ఆడవాళ్ళు విసుక్కుంటారు. ప్రెషర్ కుక్కర్ చేసేది దీనికి సరిగ్గా ఎదురు పని. ఆవిరిని బంధించి పీడనం పెంచితే లోపలి నీరు 120 డిగ్రీల దాకా మరగకుండా వేడెక్కుతుంది. కుక్కర్ సంగతి మరచిపోకండి; కొంచెం ముందుకు పోయాక మళ్ళీ అవసరమవుతుంది.

లోపల అగ్నిపర్వతం వుందా?

ఏటా మా తొమ్మిదో తరగతిలో ఒకరైనా అడిగే ప్రశ్న ఇది. ఐస్‌లాండులోనూ జపానులోనూ వేడినీటి బుగ్గల వెనుక అగ్నిపర్వతాలు వున్న మాట నిజమే. కాని మణికరణ్ చుట్టుపక్కల అగ్నిపర్వతం ఏదీ లేదు. మరి ఈ వేడి ఎక్కడిది?

భూమిలోకి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. మన పక్కనే వున్న కోలార్ బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. మన తెలుగువాళ్ళు కూడా ఎంతోమంది ఆ గనుల్లో దిగి పనిచేశారు. 3 కిలోమీటర్లు దాటిన లోతున అక్కడి రాతి ఉష్ణోగ్రత 60 డిగ్రీలు మించేది. చల్లటి గాలిని కిందికి పంపితే తప్ప మనిషి నిలబడలేడు. అంటే అక్కడ కిలోమీటరుకు పన్నెండు డిగ్రీలు, కొంచెం అటూ ఇటూగా పెరిగిందన్నమాట. ఇది తక్కువే! ప్రపంచంలో సగటున కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. దక్కను పీఠభూమి రాళ్ళు చాలా పాతవి, కోట్ల కోట్ల సంవత్సరాలుగా కదలక మెదలక చల్లారినవి. అందుకే కోలార్‌లో వేడి అంత నెమ్మదిగా పెరిగింది.

హిమాలయాల కథ వేరు. సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం భారత భూఫలకం ఆసియాను ఢీకొంది. ఆ నెట్టడం ఇంకా ఆగలేదు. మన భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున వుత్తరానికి జరుగుతూనే వుంది. దాదాపు మీ గోళ్ళు పెరిగే వేగం. ఆ ఒత్తిడికి లోతున వున్న వేడి రాళ్ళు చల్లారే తీరిక లేకుండా పైకి వచ్చాయి. నదులూ మంచూ పైపొరను గీకి పారేస్తుంటే లోపలి రాళ్ళు మరింత పైకి తేలుతుంటాయి. ఇంకో సంగతి, హిమాలయాల గ్రానైటు రాళ్ళలో యురేనియం, థోరియం, పొటాషియం వున్నాయి. ఈ మూలకాల పరమాణువులు విచ్ఛిన్నమవుతూ కొద్దికొద్దిగా వేడిని వదులుతాయి. ఒక్క రాయి విడిచే వేడి ఏ లెక్కలోకీ రాదు. పర్వతమంతా కలిసి లక్షల ఏళ్ళ పాటు విడిచిపెడుతుంటే అది లెక్కలోకి వస్తుంది.

రాయి వేడిగా వున్నంత మాత్రాన బుగ్గ పుట్టదు. నీరు కావాలి, దారి కావాలి. నీరు పర్వత శిఖరాల మీద పడ్డ మంచుదీ వర్షానిదే. హైడ్రోజన్‌లోనూ ఆక్సిజన్‌లోనూ బరువైన రకాలు, తేలికైన రకాలు వుంటాయి. నీటిలో అవి ఎంతెంత పాళ్ళలో వున్నాయో కొలిస్తే ఆ నీరు ఎక్కడిదో చెప్పవచ్చు. పార్వతీ లోయ బుగ్గల మీద ఇలాంటి పరీక్షలు చేసి 1983లో ఫలితాలు ప్రకటించారు. ఆకాశం నుంచి పడ్డ నీరే భూమిలోకి ఇంకి తిరిగి వస్తోందని తేలింది. ఇక దారి సంగతి. కొండల ఒత్తిడికి మణికరణ్ ప్రాంతపు గట్టి క్వార్ట్‌జైటు శిలల్లో లోతైన పగుళ్ళు పడ్డాయి. నీరు వాటి వెంట దిగి, వేడెక్కి, వేరే పగుళ్ళ వెంట పైకి వస్తుంది. ఎవరు పైకి తోస్తున్నారు? మీ ఇంటి మేడ మీది ట్యాంకు కింది కుళాయిలోకి నీటిని ఎలా తోస్తుందో అలాగే. నీరు ఇంకేది లోయకు వేల అడుగుల పైన వున్న శిఖరాల దగ్గర. బయటపడేది లోయ అడుగున. పైగా వేడినీరు చన్నీటికంటే తేలిక. ఈ రెండూ కలిసి పనిచేస్తాయి.

ఎంత లోతుకు దిగి వుండాలి? పది డిగ్రీల నీరు 94 డిగ్రీలు కావాలంటే 84 డిగ్రీలు పెరగాలి. కిలోమీటరుకు 30 చొప్పున చూస్తే సుమారు 2.8 కిలోమీటర్లు. కోలార్ లెక్కన చూస్తే 7 కిలోమీటర్లు దిగాలి! అంత లోతుకు పోయి వచ్చే పగుళ్ళు దొరకడం కష్టం. కోలార్‌లో మణికరణ్ లేకపోవడానికి ఇదొక కారణం.

నిజానికి మన లెక్కకు వచ్చిన ఉష్ణోగ్రత కంటే లోపల ఇంకా ఎక్కువ వేడే వుంది, ఎందుకంటే నీరు పైకి వచ్చే దారిలో కొంత చల్లారుతుంది. ఆ లోపలి వేడిని కొలవడానికి శాస్త్రజ్ఞులు సిలికాను వాడుకుంటారు. నీరు ఎంత వేడిగా వుంటే రాళ్ళ నుంచి అంత సిలికాను కరిగించుకుంటుంది. త్వరగా పైకి వస్తే ఆ సిలికా నీటిలోనే వుండిపోతుంది. అందుచేత పైన ఒక సీసాడు నీళ్ళు పట్టి పరీక్షిస్తే కింద ఎంత వేడో అంచనా వేయవచ్చు. మణికరణ్ నీళ్ళను ఇలాంటి పద్ధతుల్లో పరీక్షించినప్పుడు లోపలి ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు బాగా పైమాటేనని తేలింది. 100 దాటినా ఆవిరి కాకుండా నీరుగా ఎలా వుంది? ఇందాకటి కుక్కర్ జ్ఞాపకం వుంది కదా. కిలోమీటర్ల ఎత్తున్న నీటి స్తంభం బరువే అక్కడ కుక్కర్ మూత.

బెంగాల్ బుగ్గ, గుంటూరు గ్రహణం

రాళ్ళలోని రేడియోధార్మికతకు మరో రుజువు వుంది. మణికరణ్ నీటిలో రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు కనిపిస్తుంది. ఇది రేడియం విచ్ఛిన్నమైతే పుట్టేది. పశ్చిమ బెంగాల్‌లో బక్రేశ్వర్ వేడినీటి బుగ్గల నుంచి వచ్చే బుడగల్లో హీలియం వుంది. యురేనియం, థోరియం విడిచే ఆల్ఫా కణాలే ఎలక్ట్రాన్లను పట్టుకొని హీలియం పరమాణువులవుతాయి. ఈ హీలియం జాడ మనిషి మొదట చూసింది భూమి మీద కాదు, సూర్యుడిలో. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ వచ్చింది ఎక్కడికో తెలుసా? మన గుంటూరుకు. సూర్యుడి కాంతిని పట్టకంతో విడదీసి చూడడంలో అది గొప్ప మలుపు. అదే ఏడాది సూర్యుని వర్ణపటంలో అంతవరకు తెలిసిన ఏ మూలకానికీ చెందని పసుపు గీతను లాకియర్ గుర్తించాడు. ఆ గీత హీలియానిదే.

మరిగే నీటి పక్కన బతికేవాళ్ళు

కోడిగుడ్డు తెల్లసొన 60 డిగ్రీలు దాటితే గట్టిపడుతుంది. అందులోని ప్రోటీన్లు వాటి అమరిక చెడి ముద్దయిపోతాయి. మన ఒంటిలోని ప్రోటీన్ల గతీ అంతే. అలాంటప్పుడు 70 డిగ్రీల నీటిలో ప్రాణి ఏదైనా బతకగలదా? 1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో థామస్ బ్రాక్ అనే శాస్త్రజ్ఞుడికి అలాంటి బాక్టీరియా దొరికింది. దాని పేరు థెర్మస్ అక్వాటికస్. దాని ఎంజైము ఒకటి 94 డిగ్రీల వేడికి కూడా పాడు కాదు. డి.ఎన్.ఎ. పోగులను వేడి చేసి విడదీసి, మళ్ళీ మళ్ళీ నకళ్ళు తీసే పి.సి.ఆర్. పద్ధతిలో సరిగ్గా అంత వేడి కావాలి. ఆ పద్ధతి కనిపెట్టిన కారీ ముల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మీ ముక్కులో పుల్ల పెట్టి తీసిన పరీక్షకు ఆధారం ఈ పద్ధతే.

ఈ థెర్మస్ కుటుంబానికి మన మణికరణ్‌లో కూడా ఒక చుట్టం దొరికింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు అక్కడి బుగ్గ నుంచి ఒక కొత్త జాతిని వేరు చేసి, 2015లో దానికి 'థెర్మస్ పార్వతియెన్సిస్' అని పేరు పెట్టారు. పార్వతీ లోయ పేరు శాశ్వతంగా జీవశాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది. బుగ్గ ఎండిపోయినా, దాన్ని సిమెంటుతో కప్పేసినా మనం పోగొట్టుకునేది స్నానాల తొట్టి ఒక్కటే కాదని ఇప్పుడు మీకు తెలుస్తుంది.

వేడితో చల్లదనం

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 1970ల్లో మణికరణ్‌లో బోర్లు వేసి పరిశోధించింది. తరువాత అక్కడ రెండు ప్రయోగాలు జరిగాయి. ఒకటి 5 కిలోవాట్ల చిన్న విద్యుత్ యంత్రం. 90 డిగ్రీల నీటితో టర్బైను తిప్పేటంత బలమైన ఆవిరి రాదు. అందుకని తక్కువ వేడికే మరిగే వేరే ద్రవాన్ని గొట్టాల్లో పెట్టి, వేడినీటితో దాన్ని ఆవిరి చేసి, ఆ ఆవిరితో టర్బైను తిప్పుతారు. తరువాత చన్నీటితో దాన్ని చల్లార్చి మళ్ళీ వాడతారు. రెండోది ఇంకా విచిత్రం: వేడినీటి శక్తితో నడిచే 7.5 టన్నుల శీతల గిడ్డంగి! ఆపిల్ పండే కులూ లోయలో దాని విలువ చెప్పనక్కరలేదు.

వేడి పెడితే చల్లబడడమేమిటని ఆశ్చర్యపోకండి. వేసవిలో కుండ నీళ్ళు ఎందుకు చల్లగా వుంటాయి? చెమర్చిన నీరు ఆవిరవుతూ గుప్తోష్ణాన్ని కుండ నుంచే లాక్కుంటుంది కనుక. వేడితో నడిచే శీతల యంత్రంలో సాధారణంగా అమోనియా ఈ పని చేస్తుంది. ద్రవ అమోనియా ఆవిరై గదిలోని వేడిని లాక్కుంటుంది. ఆ ఆవిరిని నీరు పీల్చుకుంటుంది. ఇప్పుడు నీటి నుంచి అమోనియాను విడదీస్తే తప్ప మళ్ళీ వాడలేం. విడదీయడానికి వేడి కావాలి. ఆ వేడిని బుగ్గ ఇస్తుంది, విడివడిన అమోనియాను తిరిగి ద్రవంగా మార్చడానికి చల్లటి నీరు కావాలి. అది నదిలో కావలసినంత వుంది. చలీ వేడీ పక్కపక్కన కాపురం చేయడం ఇక్కడ అక్కరకు వచ్చింది. ఏమైనా ఆ రెండూ ప్రయోగాలే, పెద్ద కర్మాగారాలుగా ఎదగలేదు. పూగా లోయలో ఒక మెగావాటు కేంద్రం కోసం ఓ.ఎన్.జి.సి. 2021లో ఒప్పందం చేసుకుంది.

తోడుకోవడానికి హద్దు వుంది. న్యూజిలాండులో రోటోరువా అనే పట్టణం వేడినీటి చిమ్ములకు పేరు పొందింది. అక్కడి జనం ఇళ్ళు వెచ్చబెట్టుకోవడానికి వందలాది బోర్లు వేశారు. భూమిలో పీడనం పడిపోయి చిమ్ములు నీరసించాయి. 1980ల నడుమ ప్రభుత్వం పెద్ద చిమ్ముకు ఒకటిన్నర కిలోమీటరు లోపు వున్న బోర్లన్నీ మూయించింది. జనం గొడవ చేశారు. కాని కొన్నేళ్ళకు చిమ్ములు కోలుకున్నాయి. మణికరణ్‌లో ఇప్పుడు ఇళ్ళకూ సత్రాలకూ గొట్టాలతో వేడినీరు తీసుకుంటున్నారు. ఇంకో అపాయం కొండ నుంచి. నీటికి దారి ఇచ్చే పగుళ్ళే కొండ వాలును కూడా బలహీనపరుస్తాయి. 2015 ఆగస్టులో బండరాళ్ళు దొర్లి గురుద్వారా భవనం మీద పడి కొందరు చనిపోయారు. 2025 మార్చి 30న గురుద్వారా దగ్గర పెద్ద చెట్టు కూలి ఆరుగురు పోయారు. అలాంటి వాలు మీద మేడ మీద మేడ కట్టడం నాకు సబబుగా తోచదు.

మీరు ఎప్పుడైనా వెళితే

స్నానాల తొట్లలో చన్నీళ్ళు కలిపి వుంచుతారు. అసలు బుగ్గ దగ్గర మాత్రం చెయ్యి పెట్టి చూద్దామనుకోకండి. 60 డిగ్రీల నీరు తగిలితే పెద్దవాళ్ళ చర్మం అయిదు సెకన్లలో లోతుగా కాలుతుంది. 94 డిగ్రీల దగ్గర సెకనుకూడా అక్కరలేదు. ఒకవేళ ఎవరికైనా కాలితే ఇరవై నిమిషాలు చల్లటి కుళాయి నీటి కింద వుంచి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. సిరా, పేస్టు, పిండి పూయవద్దు, మంచుగడ్డ పెట్టవద్దు. గోరువెచ్చని తొట్లలో తల ముంచకండి, ముక్కులోకి నీరు పోనివ్వకండి. వెచ్చటి నీటిలో అరుదుగా వుండే ఒక రకం అమీబా ముక్కు గుండా మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. వేడినీటి స్నానం కీళ్ళ నొప్పులకు హాయినిస్తుంది, అది నిజం. దాంతో అన్ని జబ్బులూ పోతాయని నమ్మి ఇంట్లో పెద్దవాళ్ళు మందులు మానేస్తే మీరు మాననివ్వకండి.

అంత దూరం పోలేకపోతే దిగులు లేదు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తోడితే వేడినీళ్ళు ఊరతాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన లోతైన బోరు నుంచి వేడినీరు తనంతట తానే పైకి వచ్చింది. సింగరేణి సంస్థ అక్కడ ఆ నీటితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం ఏర్పాటు చేసింది. గోదావరి లోయలో ఎత్తైన మంచు కొండలు లేవు, ఢీకొనే భూఫలకాలూ లేవు. కాని భూమి పెద్ద చీలికగా కుంగి ఏర్పడిన లోయ అది. అక్కడి నీటికి వేడి ఎలా వచ్చి వుంటుందో, దారి ఎలా దొరికి వుంటుందో, మణికరణ్ గురించి చదివినదాన్ని పట్టుకొని మీరే ఆలోచించి మీ సైన్సు మాస్టారికి చెప్పండి.